నా పేరు మీద కుక్క పరుగు

మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లుగా మంచుకొండల మీద పోటీలు పడుతున్నా, నా పేరు పక్కన ఫస్టు అని పడింది ఒక్కసారే. అదీ ఒక కుక్క పుణ్యం. ఆ ఘోరం చెబుతాను, కాస్త గట్టిగా కూర్చోండి.

నా పేరు సలోమి. మాది పాల్వంచ. నాన్నది కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. తాటిమట్ట మీద కూర్చుని కాలువ కట్ట మీంచి జర్రున జారడమే చిన్నప్పుడు నా ఆట. గౌను చిరిగినప్పుడల్లా అమ్మ నా వీపు చీరేసేది. మా పీటీ మేడం మాత్రం ఆ జారుడు చూసి ముచ్చటపడి నన్నూ, వైరా పిల్ల స్వాతినీ తీసుకెళ్లి ఉత్తరాదిన మంచుకొండ ఎక్కించింది. అక్కడ కాళ్లకు పొడుగాటి పలకలు రెండు తగిలించారు. అవే స్కీలు. పాతిన జెండాల మధ్య మెలికలు తిరుగుతూ ఎవరు తక్కువ టైంలో కిందికొస్తే వాళ్లు గెలిచినట్టు. ఆ రోజు నుంచి నా బతుకు ఇదే. మోకాళ్లు అరిగి రాలిపోయేదాకా దిగుతూనే ఉంటాను, అది వేరే సంగతి.

ఆ ఏడాది విదేశంలో జరిగే పోటీకి మా జట్టులో ఒక్క చోటు మిగిలింది. నేనో, స్వాతో. ఎంపిక పోటీ పెట్టిన ఆ పొద్దున ఎవరు ముందొస్తే వాళ్లకే. మా అమ్మ అప్పటికే చర్చిలో నా కోసం ప్రార్థన పెట్టించేసింది. కాలనీ మొత్తానికి తెలిసిపోయింది. ఓడితే ఏ మొహం పెట్టుకుని ఊరికి పోను?

స్కీల అడుగున మైనం పూస్తేనే అవి జారతాయి. మా కోచ్ సార్ ఇచ్చిన మైనం ముక్క నేను ఎక్కడో పారేసుకున్నాను. ఆయన్ని అడిగితే పరువు తీస్తారు. అందుకని స్వాతి దగ్గరికెళ్లాను.

"స్వాతీ, జర నీ మైనం ఇయ్యవే."

"నీకెందుకే మైనం? పాల్వంచ ప్లాంటు బూడిదల జారి పెరిగినదానివి. ఊకెనే జారుతవ్ పో."

"ఇస్తవా, ఇయ్యవా?"

"ఇయ్య. ఏం జేస్తవ్?"

చూశారా ఆ మాట! ఆ క్షణాన నా నెత్తి మీద పిండి పోసుంటే అట్టు మాడిపోయేది. ఒక్క ప్రాంతం పిల్లలం, ఒకే గదిలో పడుకుంటాం, నా చేగోడీలు సగం అదే తినేసింది!

విసురుగా వచ్చి బ్యాగు బోర్లించాను. అందులోంచి దొర్లింది మా నాయనమ్మ ఇచ్చిన ఇప్పనూనె సీసా. ఏన్కూరు అవతల అడవి అంచున ఉంటుంది నాయనమ్మ. ఇప్పగింజలు తనే ఏరి ఆడిస్తుంది. ఆమె లెక్కన ఆ నూనె చేయని పని లేదు. కూరకు అదే, మడమల పగుళ్లకు అదే, కిర్రుమనే తలుపుకు అదే, ఎడ్లబండి ఇరుసుకూ అదే. బండినే నడిపించిన నూనె స్కీలను నడిపించదా?

ఇక్కడ నన్ను నేనే తిట్టుకోవాలి. చలికి ఇప్పనూనె గడ్డకడుతుందని నాకు తెలియనిది కాదు. చలికాలం పొద్దున నాయనమ్మ సీసాను పొయ్యి పక్కన పెట్టడం చూస్తూ పెరిగినదాన్ని. అంతెందుకు, ఆ రోజు కూడా సీసాలో అది రాయిలా ఉంటే, హీటరు దగ్గర కరిగించి మరీ పూశాను! కోపం కళ్లకు అడ్డమొస్తే కంటి ముందున్న గడ్డ కూడా కనబడదండీ.

మా కోచ్ సార్‌ది హైదరాబాద్. ముక్కు మాత్రం పోలీసు కుక్కది.

"ఏం వాసన సలోమీ గిది? కూర తాళింపు పెట్టినవా ఏంది?"

"మోకాలికి మందు రాసిన సార్."

"గంత మందా? జల్దీ నడువ్."

పైకెళ్లేసరికి టీ కొట్టు దగ్గర తిరిగే కుక్క ఒకటి తోకాడిస్తూ వచ్చి నా స్కీలు నాకడం మొదలుపెట్టింది. పెళ్లిభోజనంలా నాకుతోంది. స్వాతి పడీపడీ నవ్వింది.

"నీ ఫ్యాన్స్ వచ్చిండ్రే సలోమీ!"

"మూస్కో!"

ముందు స్వాతి దిగిపోయింది. నా వంతొచ్చింది. ఉన్న బలమంతా పెట్టి ముందుకు తోసుకున్నాను. అంతే, ఆగిపోయాను. అడుగున నూనె డాల్డాలా గడ్డకట్టి, దానికి మంచు ముద్దలు ముద్దలుగా అంటుకుంది. బురద పొలంలో చెప్పులేసుకుని నడిచినట్టుంది నా పని. అంత వాలులో జారకుండా నిలబడ్డ మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. వెనక నుంచి ఆ కుక్క వచ్చింది. నా స్కీలు మరోసారి నాకి, కింద సార్ విజిలు వినబడగానే జెండాలూ గిండాలూ పట్టించుకోకుండా నిట్టనిలువునా దూసుకుపోయింది.

"ఏయ్, ఆగవే! ఆగు!"

ఆగలేదు. చివర గీత దగ్గర, నా పేరు మీద నడుస్తున్న గడియారాన్ని ఆపే మిషను ఉంటుంది. ఎవరు దాటినా ఆగుతుంది. కుక్క దాటింది, ఆగింది. నేనింకా సగం కొండ మీదున్నాను, మైకులో నా పేరు మోగింది. ఫస్టు!

కిందికి చేరేసరికి స్వాతి శివాలెత్తుతోంది.

"సార్, ఉర్కింది కుక్క! గిదింకా ఇప్పుడొస్తుంది సూడున్రి!"

"మైనం ఇచ్చుంటే ఈ బాధ ఉండేదా?" అని నేను.

"అరె ఆగుండ్రి ఇద్దరు!" అని సార్ అరిచారు. "జంతువు అడ్డమొస్తే మళ్ల దిగనిస్తరు. రూల్ ఉంది. ఏం పూసినవ్ రా, నిజం చెప్పు."

"ఇప్పనూనె సార్."

ఆయన నా స్కీలు గీకారు. తనే మైనం పూశారు. కుక్కను టీ కొట్టు దగ్గర కట్టేయించారు. రెండోసారి ప్రాణం పెట్టి దిగాను. కానీ పలకల్లోకి ఇంకిన నూనె ఎక్కడికి పోతుంది? బోర్డు చూశాను. స్వాతి ముందుంది. స్వాతికంటే ముందు, ఇంకా చెరపని మొదటి టైంతో, కుక్కుంది.

సార్ నిట్టూర్చారు. "టైం చూస్తె కుక్కనే తీస్కపోవాలె సలోమీ. పాస్‌పోర్టు లేదు గాని."

విమానం స్వాతి ఎక్కింది. నేను పాల్వంచ బస్సెక్కాను. దారిలో ఫోన్ చేసి నాయనమ్మ మీద నా ఏడుపంతా వెళ్లగక్కాను. అంతా విని ఆమె అన్నది ఒకటే మాట:

"నూనె మంచిదే బిడ్డా. కుక్కకు తెల్సింది, నీకే తెల్వలె."

అందుకని బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో స్కీలకు మైనం తప్ప మరొకటి పూయను. కోపమొస్తే ముందు గ్లాసెడు నీళ్లు తాగుతాను. ఇప్పనూనె మడమలకే రాసుకుంటాను, అదీ కుక్కల్లేని చోట. స్వాతిని క్షమిస్తానని మాత్రం ఒట్టేయలేను. ఆ మాట మా పాస్టరమ్మకు చెప్పకండి.