తవుడు మూటతో అమీర్‌పేటకు

మంగి మేత ముట్టడం లేదని ఫోనొచ్చింది. గడ్డి కరువై, నెల కిందట హైదరాబాద్ పాలవ్యాపారి యాదగిరికి మేము అమ్ముకున్న బర్రె అది. "గోధుమ పొట్టు పెట్టిన, పప్పు పొట్టు పెట్టిన, మూతి సుత పెడ్తలేదు. మీ తవుడు తీస్కొని జర రా అక్కా. గప్పటికీ తినకుంటే మీ బర్రెను మీరే తోల్కపోండ్రి," అన్నాడు. ముందే చెబుతున్నాను, అది తినకూడదనే నా కోరిక.

ఊరి మిల్లులో తాజా తవుడు అరబస్తా కట్టించుకుని జనగామలో పొద్దుటి ప్యాసింజరెక్కాను. సికింద్రాబాద్ చేరేసరికి తొమ్మిది. స్టేషన్ బయట ఇడ్లీ తిని సిటీ బస్సెక్కితే కండక్టర్ మూటకూ టికెట్ కొట్టాడు. బరువుతో వెళ్లేవాళ్లు ఆఫీసుల వేళ దాటాకే ఎక్కండి, లేకపోతే నాలాగే తిట్లు తింటారు.

పక్కసీటు అమ్మాయిది తణుకట, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తోంది. "ఏంటండీ ఇది? అచ్చం మా ఊరి మిల్లు వాసన!" అంది. తవుడని చెప్పాను. మూట మీద చెయ్యి వేసి, "ఇంటికెళ్లి ఆర్నెల్లయిందండీ," అంది. బేగంపేట దాటినా ఆ చెయ్యి తియ్యలేదు.

అమీర్‌పేటలో దిగి పంజాగుట్ట వైపు నడిస్తే, కోచింగ్ బోర్డుల వెనక సందులో ఉంది యాదగిరి కొట్టం. మంగి నన్ను చూడగానే అరిచింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఏడ్చేశాను, దాచుకునేదేముంది.

యాదగిరి కుళాయి నీళ్లలో తవుడు కలిపి పెట్టాడు. మంగి వాసన చూసి మొహం తిప్పేసుకుంది. "చూసినవా అక్కా? తోల్కపో ఇగ," అన్నాడు. నా సంతోషం అంతా ఇంతా కాదు.

కానీ కారణం నాకు తెలిసిపోయింది. మా ఇంట్లో తవుడెప్పుడూ కుడితిలోనే కలిపేవాళ్లం, బియ్యం కడిగిన నీళ్లలో, గంజిలో. ఇక్కడ గోడ అవతలి హాస్టల్ వంటింటి గొట్టంలోంచి అవే తెల్లటి నీళ్లు మోరీలోకి పోతున్నాయి. నోరు మూసుకుంటే బర్రె నాది. తోలుకెళ్లి ఏం పెట్టను? ఊళ్లో గడ్డి పరక లేదు.

"గా నీళ్లు పారబొయ్యి యాదగిరీ," అన్నాను. "హాస్టలోళ్లను బియ్యం కడిగిన నీళ్లు అడుగు, గంజి సుత అడుగు. ఇంత ఉప్పెయ్యి."

బకెట్‌తో ఆ నీళ్లు తెచ్చి తొట్టిలో కలిపాడు. మంగి కళ్లదాకా మూతి ముంచి తాగింది. "ఫికర్ చెయ్యకు అక్కా. గీ హాస్టళ్లున్నన్ని దినాలు దీనికి కుడితి కరువు లేదు," అన్నాడు యాదగిరి మస్తు ఖుషీగా. ఒక్కసారి తలెత్తి చూస్తుందేమోనని నిలబడ్డాను. తొట్టి అడుగు నాకుతూనే ఉంది.

సాయంత్రం బండిలో సీటు దొరికింది. అమీర్‌పేట ఎలా ఉందని ఎవరైనా అడిగితే, వేలమంది పిల్లలు ఇంటి అన్నం కోసం మొహం వాచి బతికే చోటని, మా మంగి కూడా అక్కడ బతుకుతుందని చెబుతాను. మీరు వెళ్తే చూసి రండి. నన్ను మాత్రం రమ్మనకండి. ఈసారి నన్ను చూసి అరిచినా తట్టుకోలేను, అరవకపోయినా తట్టుకోలేను.