బ్యాటు మరిచిందనుకున్నాను

సూరత్‌లో మగ్గాలు నడిపే నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. కిందటేడు చలికాలంలో మా అమ్మాయి శ్రావణి కాలేజీ బేస్‌బాల్ జట్టు ఫైనల్‌కు వచ్చిందంటే, డ్యూటీ మార్చుకొని మరీ ఆల్థాన్ మైదానానికి వెళ్లాను.

స్కోర్లు సమానం. ఆఖరి ఇన్నింగ్స్. మూడో బేస్ దగ్గర మా జట్టు పిల్ల పరుగుకు సిద్ధంగా ఉంది. శ్రావణి బంతిని దూరంగా బాది, బ్యాటు అక్కడే పడేసి ఉరికింది. ఆ ఆటలో అలాగే పరుగెత్తాలని నాకేం తెలుసు! బ్యాటు లేకుండా గీత ఎలా అందుకుంటుంది, రనౌట్ కాదూ అనుకొని, తాడు దాటి, బ్యాటందుకొని వెంటపడ్డాను. ఇంత పొట్టతో అంత వేగంగా సూరత్‌లో ఎవరూ ఉరికి ఉండరు.

"బిడ్డా, బ్యాటు మర్శినవ్! జర ఆగు!"

"బాపూ, బయటికి పో! మ్యాచ్ పోతది!"

అంపైర్ ఆట ఆపాడు. అవతలి కోచ్ నా మీదికొచ్చి, "క్యా చాచా, ఆప్ భీ ఖేలోగే?" అని, నువ్వూ ఆడతావా అన్నట్టు మండిపడ్డాడు. పిల్లల కష్టమంతా నా వల్ల పోతుందేమోనని చెమటలు పట్టాయి. చివరికి అంపైర్, నేను లోపలికి రాకముందే మూడో బేస్ దగ్గరున్న పిల్ల పరుగు పూర్తయిందని తేల్చాడు. ఒక్క పరుగుతో గెలిచాం!

"ఇంకోసారి వస్తే కుర్చీకి కట్టేస్త" అంటూనే శ్రావణి నన్ను వాటేసుకుంది.

తెలియని ఆటను కూర్చొని చూడాలని ఆ రోజు అర్థమైంది. కార్ఖానాలో మాత్రం ఆ పరుగు తండ్రీకూతుళ్లం కలిసి తీశామనే చెబుతున్నాను. మా అమ్మాయి ఇంతవరకూ కాదనలేదు.