తల్లి ముందు అడిగిన ప్రశ్న

ఇంకా ఒక్క చుక్క మందు కూడా ఎక్కించలేదు. అయినా మానిటర్‌లో అప్పన్న నాడి నూట ముప్పై దాటింది. ప్రమాదం నాకు తెలిసింది ఆ క్షణంలోనే. రెండేళ్ల క్రితం వానాకాలం. బర్మాలోని యాంగోన్‌లో, చిమిండైంగ్ బజారు వెనకాల ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. నేను అక్కడ ఎనస్థీషియా నర్సును. ఆపరేషన్‌కు మనిషిని నిద్రపుచ్చి, అయ్యేదాకా అతని ఊపిరిని కనిపెట్టుకుని ఉండడం నా పని.

అప్పన్న నది అవతలి దలా నుంచి పడవలో వచ్చాడు. ఎప్పుడో గంజాం నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. హెర్నియా, తొందరేమీ లేని ఆపరేషన్. ముందురోజు ఫారం నింపింది నేనే. "సిగరెట్టు, సారా, గంజాయి ఏమైనా అలవాటుందా?" అంటే పక్కనున్న తల్లి అందుకుంది: "మావోడు బీడీ కూడా ముట్టడమ్మా." అతను తల దించుకున్నాడు. నేను 'లేదు' దగ్గర టిక్కు పెట్టేశాను. ఆ తప్పు నాది.

"భయంతో కొట్టుకుంటోందిలే, సయామా. మొదలుపెట్టు. ఇంకా ముగ్గురున్నారు," అన్నాడు సర్జన్. ఇక్కడ నర్సును సయామా అనీ, డాక్టరును సయా అనీ పిలుస్తారు.

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. అప్పన్న చెవి దగ్గరకు వంగాను. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తమ్ముడూ, గంజాయి తాగినావా?"

"నేదక్కా."

"మీ అమ్మ బయటుంది. నేను నర్సుని, పోలీసుని కాను."

"సెప్తే జైల్లో ఎట్టరూ?"

"సెప్పకపోతే నా సేతుల్లోనే నీ ఊపిరి ఆగిపోవచ్చు."

కళ్లు మూసుకున్నాడు. "రోజూ తాగతానక్కా. పొద్దున్న బయమేసీసి, పడవెక్కే ముందు రెండు లాగీసినాను."

అప్పుడే తాగి వచ్చినవాడి గుండె అదుపులో ఉండదు. రోజూ తాగేవాడికి మామూలు మోతాదుతో నిద్ర పట్టకపోవచ్చు. సగం నిద్రలో ఊపిరి గొట్టం వేస్తే గొంతు బిగుసుకుపోయి గాలి ఆడదు. దాన్ని లారింగోస్పాజమ్ అంటారు.

"సయా, పొద్దున్నే గంజాయి తాగి వచ్చాడు. ఇవాళ ఇతనికి మత్తు ఇవ్వను," అన్నాను.

"నువ్వా చెప్పేది? అయితే రేపటి నుంచి రానక్కర్లేదు."

ఆ నెలలోనే లైంగ్‌థార్యార్‌లో మా ఆయన పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడింది. ఇద్దరు పిల్లలు. అయినా సిరంజికి మూత పెట్టి ట్రేలో పడేశాను.

"రాకపోతే రాను. ఇతన్ని మాత్రం నిద్రపుచ్చను."

సర్జన్ గ్లవ్సు విసిరికొట్టి వెళ్లిపోయాడు. నన్ను తీసేయలేదు కానీ, వారం రోజులు పని మాటలు తప్ప మాట్లాడలేదు. నాలుగో రోజు అప్పన్నకు ఆపరేషన్ అయింది. నిద్రపుచ్చడానికి మందు చాలా ఎక్కువ పట్టింది. గొంతు ఒకసారి బిగుసుకుంది కూడా. కానీ ఆ వేళ మాకు ముందే తెలుసు, దాన్ని వదులు చేసే మందు చేతిలోనే ఉంది. నొప్పి కూడా మిగతావాళ్లకంటే ఎక్కువే పడ్డాడు, దానికీ సిద్ధంగానే ఉన్నాం.

ఇప్పుడు కొత్త నర్సులకు దీన్ని నేనే నేర్పుతాను. తల్లినీ భార్యనీ బయటికి పంపండి. మొహం చిట్లించకండి. తాగుతావా అని అడిగి ఆగిపోకండి, చివరిసారి ఎప్పుడు, ఎంత, రోజూనా అని అడగండి. చెప్పింది మత్తిచ్చేవాళ్లు చూసే షీటులో రాయండి. ఒకరోజు సర్జన్ తలుపు దగ్గర ఆగి, "గంజాయి బడి పెట్టావా?" అన్నాడు. "అవును సయా, కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోండి," అన్నాను.

సిరంజి పడేసిన మరునాడు పొద్దున్న, ఉద్యోగం ఉందో లేదో తెలియకుండానే, పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టాను. "మీరేం చేసినా సరే, ఇకమీదట నలుగురిలో అడగను. ఒక్కరినే పిలిచి అడుగుతాను. నిజం చెప్పండి. కొట్టను, తిట్టను," అన్నాను.

చిన్నాడు వాళ్లక్క వైపు చూశాడు. "అయితే ముందు అక్కని బయటికి పంపీ," అన్నాడు.

పంపాను.