రాహుకాలంలో మొదటి పిలుపు

మా జట్టు ఏటా తప్పకుండా గెలిచేది ఒకటే, డ్రాఫ్టులో మొదటి పిలుపు. దానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. కిందటేడు అందరికంటే ఎక్కువసార్లు ఓడిపోయి ఉంటే చాలు. ఆ పనిలో మావాళ్లను మించినవాళ్లు సింగపూర్ తెలుగువాళ్లలో ఇంకా పుట్టలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇక్కడి తెలుగువాళ్లు ఆదివారాలు ఫుట్‌బాల్ ఆడుకునే చిన్న పోటీ ఒకటుంది. నాలుగు జట్లు. జురాంగ్ వెస్ట్, బూన్ లే వాళ్లది మా జట్టు. ఎప్పుడూ గెలిచేది టోవా పాయో వాళ్లది. మిగతా రెండూ మధ్యలో ఉంటాయి కాబట్టి వాటి గురించి ఎవరూ మాట్లాడరు. ఏటా పేర్లిచ్చిన ఆటగాళ్లను జట్లు వంతులవారీగా, రెండు రౌండ్లలో పిలుచుకోవాలి. అదే డ్రాఫ్టు. ఆఖరున నిలిచిన జట్టుకి మొదటి వంతు, తర్వాత గెలిచిన జట్టుతో మొదలుపెట్టి మిగతావాటికి. మొదటి రౌండులో పిలిచినవాణ్ణి ప్రతి ఆటలోనూ మైదానంలోకి దించి తీరాలి. రెండో రౌండువాడు రిజర్వు, అంటే ఎవరికైనా కాలు బెణికేదాకా మంచినీళ్ల సీసాలు చూసుకుంటూ కూర్చోవాలి. ఇవీ నియమాలు.

ఆటలు నడిచేది కొన్ని వారాలే. "ఈసారి ఫస్ట్ రౌండ్ ఎవరు?" అనే చర్చ మాత్రం మిగతా ఏడాదంతా నడుస్తుంది. శనివారం పొద్దున్నే మా అభిమానులు తిండి దుకాణాలుండే బూన్ లే హాకర్ సెంటర్‌కి చేరి, టిష్యూ ప్యాకెట్లు పరిచి రెండు టేబుళ్లు చోప్ చేసేస్తారు, అంటే ఆపి పెట్టుకుంటారు. మైదానంలో మావాళ్లు అంత చోటు ఎన్నడూ ఆక్రమించలేదు. నేను పక్క మార్కెట్లో కూరగాయలకని వెళ్లి, మా ఆయన్ని అక్కణ్ణించి లేపలేక, ఆ చర్చలన్నీ వినేదాన్ని.

వక్తలు ముఖ్యంగా ముగ్గురు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే వరంగల్ అబ్బాయి, బ్యాంకులో పనిచేసే గుంటూరాయన, మా ఆయన. ఈ ఏడు అందరి కన్నూ హైదరాబాద్ నుంచి కొత్తగా దిగిన ఒక పొడుగు కుర్రాడి మీద పడింది. కాలేజీ జట్టుకి ఆడాడట. అతను ఆడగా ఎవరూ చూడలేదు. వాట్సాప్‌లో ఫొటో ఒకటి వచ్చింది, అందులో నిలబడి ఉన్నాడు.

"ఎడమ కాలు మస్తు గట్టిగున్నదన్నా, సూడు," అనేవాడు వరంగల్ అబ్బాయి ఫోన్ పెద్దది చేసి చూపిస్తూ.

"అది అద్దంలో తీసుకున్న సెల్ఫీ అబ్బాయ్. తిరగబడి పడుద్ది. అది కుడికాలు," అనేవాడు గుంటూరాయన.

ఆ కాలు ఎడమో కుడో తేలేసరికి నా ఆకుకూరలు వాడిపోయేవి. చివరికి ఇద్దరూ మా ఆయన వైపు తిరిగేవాళ్లు. ఆయన కోపి అనే ఇక్కడి కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు కిందపెట్టి, "గోల్స్ ఎవడైనా కొడతాడు. ముందు డిఫెన్స్ చూసుకోవాలి," అనేవారు. అందరూ తలలూపేవాళ్లు. మా జట్టులో చాలా ఏళ్లు డిఫెన్స్ ఆడింది ఆయనే. డిఫెన్స్ లేదన్న సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

కిందటేడు ఆటలయ్యాక అంకుల్ ఆయన్ని పక్కకి పిలిచి, "కొంచెం రెస్ట్ తీసుకో అయ్యా," అన్నారు. అంకుల్ మా జట్టు పెద్ద. తాతల కాలంలో విశాఖ తీరం నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. ఓడరేవులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన తెలుగులో అరవం, మలాయ్ పప్పులో పోపులా పడుతుంటాయి. మంచి మనిషి. ఒకరిని నొప్పించాల్సి వస్తే ముందు "మకాన్ అయిందా?" అని భోజనం సంగతి అడుగుతారు. ఆ రోజు కూడా అడిగారట. ఇంటికొచ్చి మా ఆయన, "ఈ ఏడాది నుంచి విశ్రాంతేనే," అని నవ్వారు. తర్వాత చాలాసేపు టీవీ పెట్టుకుని చూడకుండా కూర్చున్నారు.

ఈసారి డ్రాఫ్టుకి పేర్లిచ్చినవాళ్ల జాబితా గ్రూపులో పడింది. దాని అడుగున మా ఆయన పేరు. ముందు చూసింది మా అమ్మాయి.

"నాన్నా, యూ జోకింగ్ ఆ? యువర్ నీ హౌ?" అంది ఆయన మోకాలి వైపు చూస్తూ.

"ఊరికేనమ్మా. మనుషులు తక్కువయ్యారంటే లెక్క కోసం ఇచ్చా."

అభిమానులకీ అదే మాట చెప్పారు. వాళ్లు నవ్వారు. వాళ్లకంటే ఈయన ఇంకా గట్టిగా నవ్వారు. దాంతో ఆ పేరు సంగతి అందరూ మర్చిపోయి, మళ్లీ పొడుగు కుర్రాడి కాలి మీదకి వెళ్లిపోయారు.

నాకు మాత్రం తెలుసు. మా గోదావరి జిల్లాలో ఎటకారం ఎక్కువేగానీ కళ్లు కూడా బాగానే కనిపిస్తాయి. తెల్లారకముందే లేచి, లిఫ్టు పెట్టుకుని మా బ్లాకు మెట్లన్నీ ఎక్కి దిగుతున్నారు. వచ్చాక నా ఫ్రీజర్‌లోంచి పచ్చి బఠాణీల ప్యాకెట్టు తీసి మోకాలికి ఆనించుకుని, నేను వచ్చేలోపు మళ్లీ లోపల పెడుతున్నారు. కొత్త బూట్లు కొని బియ్యం డబ్బా వెనక దాచారు. మా ఇంట్లో బియ్యం డబ్బా రోజూ ఎవరు తీస్తారో ఇన్నేళ్లకీ ఆయనకి తెలియదు. లెక్క కోసం పేరిచ్చిన మనిషికి బూట్లెందుకు? ఇంకొక్క ఏడాది ఆడాలని ఆయన కోరిక. అంతే. ఆఫీసులో పెద్ద పదవి రాలేదని కూడా అంత బాధపడ్డట్టు నేను చూడలేదు.

"అంకుల్‌తో ఒక్క మాట అనచ్చు కదండీ," అన్నాను ఒకరోజు బియ్యం కడుగుతూ.

"ఏ మాట?"

"ఆడతానని."

"అడిగి వేయించుకుంటే ఏం బావుంటుందే? వాళ్లకే అనిపించాలి," అని హాల్లోకి వెళ్లిపోయారు. బూట్ల సంగతి నాకు తెలిసిపోయిందని అప్పటికి అర్థమైందో లేదో.

డ్రాఫ్టు ఆదివారం సాయంత్రం ఐదింటికి, జురాంగ్ వెస్ట్‌లో ఒక బ్లాకు కింద గోడల్లేకుండా ఉండే వాయిడ్ డెక్‌లో. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్ల బోర్డు, ఆడవాళ్లం తెచ్చిన పులిహోర. ఆటగాళ్లు ఒక బెంచీ మీద వరసగా కూర్చున్నారు. వాళ్లకి రెండింతలు అభిమానులం. మా ఆయన బెంచీ చివర, కొత్త బూట్లతో, మోకాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని కూర్చున్నారు. పక్కనున్నవాళ్లు వయసులో ఆయనకి కొడుకులు కాకపోయినా తమ్ముళ్లు కూడా కారు.

నిర్వాహకుడు లేచి, "జురాంగ్ వెస్ట్, మొదటి రౌండు," అన్నాడు. ఏడాది పొడుగునా మేం ఎదురుచూసిన ఘడియ. అంకుల్ లేచి గొంతు సవరించుకున్నారు.

"అంకుల్, ఒక్క నిమిషం," అన్నాడు గుంటూరాయన. "ఇయ్యాల ఆదివారం. నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం."

అంకుల్ గడియారం చూసుకున్నారు. తర్వాత ఆలోచించి, "అది మీ ఊరి లెక్క అయ్యా," అన్నారు. "ఇక్కడ సూర్యుడు లేచేదే ఏడుకి. మా అమ్మ లెక్కలో ఆదివారం అయిదున్నరకి మొదలు, ఏడు దాకా. ఇప్పుడు బోలే, తప్పులేదు. పేరు చెప్పొచ్చు."

"మీ అమ్మగారి లెక్క మీది. క్యాలెండర్ లెక్క క్యాలెండర్‌ది. ఏడాదికొక్క పిలుపు అంకుల్. రిస్క్ ఎందుకు?"

ఏ పుట్టలో ఏ పాముందోనన్న భయం అంకుల్ ముఖంలోకి వచ్చింది. అప్పుడు వరంగల్ అబ్బాయి, పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ చిక్కులు విప్పే ఆ బుర్రతో, పరిష్కారం చెప్పాడు. "రెండూ పాటిస్తే అయిపాయె గదా. ఏడు దాకా పేరు తీయకుంటే సరి."

అందరికీ నచ్చింది. వంతు వచ్చినప్పుడు పిలవకపోతే అది దాటిపోతుందని, చివరికి మిగిలినవాళ్లే మావాళ్లవుతారని నిర్వాహకుడు హెచ్చరించాడు. "పర్వాలేదు అయ్యా. మంచివాడు మనకి రాసిపెట్టుంటే ఎక్కడికి పోతాడు?" అన్నారు అంకుల్.

ఎక్కడికి పోతాడంటే, టోవా పాయోకి పోతాడు. వాళ్లకి మాత్రం రాహుకాలం పట్టింపు లేదా అంటే, మాకంటే ఎక్కువే ఉంది. కానీ వాళ్లది మూడో లెక్క. ఇండియాలో నాలుగున్నర అంటే ఇక్కడ ఏడు, కాబట్టి ఏడింటికి మొదలవుతుందని వాళ్ల నమ్మకం. ఆ లోపు అంతా ముగించేయాలని తొందరపడుతున్నారు. మేం తప్పుకోగానే పొడుగు కుర్రాణ్ణి పిలిచేశారు. ఎడమ కాలు, కుడి కాలు రెండూ లేచి వాళ్ల వైపు నడిచి వెళ్లిపోయాయి. మావాళ్లు పులిహోర తింటూ భక్తిగా చూశారు.

మధ్యలో ఎవరో టీ తెచ్చారు, ఎవరో ఉపన్యాసం ఇచ్చారు, ఎవరి పిల్లో డాన్స్ చేసింది. మన సభలు ఎంత తొందరలో ఉన్నా ఇవి తప్పవు కదా. మా రెండో వంతు వచ్చినప్పుడు కూడా అంకుల్ గడియారం చూసి తల అడ్డంగా ఊపారు. గుంటూరాయన మాత్రం ప్రతి పిలుపుకీ, "ఈడు పోయినా నష్టం లేదు, ఆడున్నాడు," అంటూనే ఉన్నాడు. తర్వాత ఆ ఆడు కూడా పోయేవాడు.

మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఇంటికెళ్లాక మా అమ్మాయికి ఎలా చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను. కానీ బెంచీ ఖాళీ అవుతుంటే నా కన్ను ఆ చివరికే పోయింది. పేరు పిలిచినవాడు లేచి వెళ్లేటప్పుడల్లా మా ఆయన వాడి భుజం తట్టి పంపుతున్నారు. మళ్లీ పిలిచేముందు కొంచెం నిటారుగా కూర్చుంటున్నారు. ఇంకొకరి పేరు వినగానే బోర్డు వైపు చూసి, అది తను ముందే ఊహించినట్టు తలూపుతున్నారు. మూడు జట్లు రెండు రౌండ్లూ పిలుచుకున్నాయి. ఏ నోటా ఆయన పేరు రాలేదు. నాకు నవ్వు ఆగిపోయింది. వాళ్లందరి మీదా కోపం వచ్చింది, రాహువు మీద కూడా.

ఏడయింది. టోవా పాయో వాళ్లు కుర్చీలు సర్దుకుంటున్నారు. బోర్డు మీద రెండే పేర్లు మిగిలాయి. ఒకటి మా ఆయనది. రెండోది ప్రాజెక్టు పనిమీద సిడ్నీ వెళ్లి, ఎప్పుడొస్తాడో తెలియని ఒక కుర్రాడిది. ఇద్దరూ మాకే. మొదటి రౌండు ఎవరు, రిజర్వు ఎవరు అన్నదొక్కటే తేలాలి. ఎదురుగా మనిషి ఉన్నాడు, ఆ మనిషి కాళ్లకి బూట్లున్నాయి. ఇంక చర్చ ఏముంటుందని నేను అనుకున్నాను. మా అభిమానుల్ని అప్పటికీ తక్కువ అంచనా వేశాను.

"ఫ్యూచర్ చూడాల అంకుల్," అన్నాడు గుంటూరాయన. "సిడ్నీ కుర్రాడికి ఇరవై ఆరే. ఫస్ట్ రౌండ్‌ని వేస్ట్ చేయకూడదు."

"ఆడు వచ్చేదాకా ఎట్లా అయ్యా?"

"వచ్చేదాకా ఆ ప్లేస్ ఖాళీగా పెడదాం. ఒకరు తక్కువగా ఆడితే మనకి కొత్తా?"

అది బెంచీకి నాలుగడుగుల దూరంలో జరిగిన సంభాషణ. దుర్మార్గంతో అన్నది కాదు. ఆయన పేరిచ్చింది లెక్క కోసమేనని వాళ్లు నిజంగా నమ్మారు. ఎంత నమ్మారంటే, వరంగల్ అబ్బాయి అలవాటు కొద్దీ బెంచీ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పన్నా. ఎవర్ని తీస్కుంటే మంచిగుంటది?"

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన బోర్డు చూశారు. సిడ్నీ కుర్రాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పేస్తారని, దాంతో అంతా అయిపోతుందని భయపడ్డాను. ఆయన బెంచీ మీద చెయ్యి ఆనించి, కొంచెం నెమ్మదిగా, మోకాలు కాపాడుకుంటూ లేచారు.

"నన్ను తీసుకోండి అంకుల్," అన్నారు. "లెక్క కోసం కాదు. నాకు ఆడాలనుంది."

గుంటూరాయన పులిహోర ప్లేటు వైపు చూసుకున్నాడు. అంకుల్ మా ఆయన మోకాలి వైపు చూసి, "నొప్పి?" అన్నారు.

"ఉంది. అయినా ఆడతా."

"సరి," అన్నారు అంకుల్. ఈసారి భోజనం సంగతి అడగలేదు. నిర్వాహకుడి వైపు తిరిగి, జురాంగ్ వెస్ట్ మొదటి రౌండు అని, మా ఆయన పేరు ఇంటిపేరుతో సహా పిలిచారు.

మా పెళ్లిచూపులనాడు నేను నచ్చానన్న మాట ఈయన చెప్పలేదు. వాళ్ల పెదనాన్నగారు మా మావయ్యకి ఫోన్ చేసి చెప్పారు. కాపురంలో కూరలో ఉప్పు తక్కువైతే ఉప్పు డబ్బా వైపు చూసి ఊరుకునే మనిషి. "నాకు ఇది కావాలి" అని ఆయన నోటంట నేను విన్నది అదే మొదటిసారి. అదీ నా కోసం కాదు, ఈ ఏడూ ఆఖరున నిలవబోయే జట్టులో చోటు కోసం. న్యాయంగా అయితే నాకు ఒళ్లు మండాలి. ఆ వాయిడ్ డెక్‌లో అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది నేనే.