అత్తగారింటి దేవుడు

మా ఎడపల్లి ఇంట్లో యేసుప్రభువు ముందరి గదిలో ఉండేవాడు. టీవీకి పైన, గడియారం పక్కన, అద్దం కట్టించిన పటంలో. బాపు ఆ పటం తెచ్చిన రోజే అందరికీ వినబడేటట్టు చెప్పాడట, ఇది గుర్తు కోసమే కానీ మొక్కడానికి కాదని. మా అవ్వ మొక్కలేదు. అంతకంటే ఎక్కువ చేసింది. ఆ గదిలో అడుగు పెట్టినప్పుడల్లా కొంగు తలమీదికి లాక్కునేది.

మా వైపు తల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటాం. మా అవ్వది ఇందల్వాయి దగ్గర పసుపు పండించే హిందూ కుటుంబం. బాపుది తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. పెళ్లయి వచ్చాక అవ్వ తనకు తోచినట్టు ఒక పద్ధతి పెట్టుకుంది. ఈ ఇంట్లో అత్త ఉంది, మామ ఉన్నాడు, గోడమీద ఇంకొకాయన ఉన్నాడు. అందరూ అత్తగారి వైపు పెద్దలే. కాబట్టి మామకు జరిగే మర్యాదే ఆయనకూ జరగాలి. ఆయన ముందు కుర్చీలో కూర్చోలేదు, గొంతు పెంచలేదు, ఏదీ నోరు తెరిచి అడగలేదు. కోడలు మామను నేరుగా అడుగుతుందా? మొగుడితో చెప్పిస్తుంది. బోరు మోటారు కాలిపోయినా, నాకు జ్వరం వచ్చినా, మీ దేవునికి ఒక మాట చెప్పమని బాపును పురమాయించేది. మోటారు బాగయితే మీ దేవుడు మంచోడేనని ఒప్పుకునేది. ఆ మెప్పు కూడా బాపు చేతనే పంపేది.

ఇద్దరూ కొట్లాడుకోవాలంటే వంటింట్లోకి పోయేవారు. అవ్వ కళ్లతో సైగ చేసేది, బాపు టీవీ ఆపి ఆమె వెనక నడిచేవాడు. తలుపు దగ్గరికి వేశాక మొదలయ్యేది. లోకమంతా నిండిన దేవుడికి గోడ అవతలి మాట వినబడదా అని నేను ఒకసారి అడిగాను. వింటే విననీ, మొగం మీదైతే అనలేదు గదా అంది.

పుట్టింటి పోచమ్మతో మాత్రం ఇట్లా ఉండేది కాదట. మా మేనమామ చెప్పి చెప్పి నవ్వేవాడు. వానలు ఆలస్యమైతే చిన్నప్పుడు గుడి ముందు నడుం మీద చేతులు పెట్టుకొని, నీకు కండ్లు కనబడుతలేవా అని అమ్మవారిని నిలదీసేదట. పోచమ్మ ఇంటి మనిషి మరి. ఈయన చుట్టం.

చిక్కంతా బాప్తిస్మం దగ్గర వచ్చింది. అవ్వ ప్రతి ఆదివారం చర్చికి వచ్చేది, చాపలు పరిచేది, పాటల్లో గొంతు కలిపేది. కానీ ప్రభువు బల్ల రోజున, బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఇచ్చే రొట్టె పళ్లెం వరుసల వెంట వస్తుంటే చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చునేది. పళ్లెం ఆమెను దాటి పక్క మనిషి దగ్గరికి పోయేది. అప్పుడు అవ్వ తల ఎత్తి ఫ్యాను వైపు చూసేది. ఆ చూపు చూడలేక నేను చాప వైపు చూసేదాన్ని. ఆ పళ్లెంలో చెయ్యి పెట్టాలని ఆమెకు ఎంత ఉండేదో నాకు తెలుసు.

ఆమెను ఎవరూ ఆపలేదు. ఆమే ఆగింది. ప్రతి ఎండాకాలం పాస్టర్ అయ్యగారు బాప్తిస్మం తీసుకునేవాళ్లకు తరగతులు పెట్టి, చివర ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న అడిగేవాడు, యేసు నీకు ఎవరు అని. బాపు ఆ ప్రశ్నకు అవ్వను నెల ముందు నుంచీ తయారు చేసేవాడు. అన్నం తినేటప్పుడు, కోతలకు పోయేటప్పుడు, ఆఖరికి ఆమె పేలాలు వేయించుకుంటుంటే కూడా. దేవుని కుమారుడు, నా రక్షకుడు. రెండే ముక్కలు. అవ్వ బాపు కంటే చక్కగా పలికేది. తీరా అయ్యగారి ముందు కూర్చున్నాక, మా ఇంటాయన మంచి జవాబు నేర్పిండు గానీ, నాకైతే ఆయన ఎవరో ఇంకా తెలువలే అని చెప్పి లేచి వచ్చేది. తెలియనిది తెలుసని చెప్పడం ఆమెకు చేతకాదు. కూరలో ఉప్పు బాగుందని కూడా రుచి చూడకుండా చెప్పదు.

బాపు తల పట్టుకునేవాడు. ఆయనకు సంఘంలో పెద్ద కావాలని ఆశ. భార్య బయట ఉండగా భర్త లోపల పెద్దరికం ఎట్లా చేస్తాడని వెనక గుసగుసలు. అయ్యగారు మాత్రం నవ్వేవాడు. అబద్ధం చెప్పి లోపలికి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, నిజం చెప్పి బయట కూర్చున్నది మీ ఇంటామె ఒక్కతే, ఆగు అనేవాడు. ఆ మాట బాపుకు పొగడ్తో వెక్కిరింతో ఏనాడూ తేలలేదు.

ఇక అవ్వ అన్న, మా మేనమామ సంగతి చెప్పాలి. బాపు పసుపు బస్తాలు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలే ట్రాక్టర్ డ్రైవర్‌గా ఇందల్వాయి వైపు పోయినప్పుడు ఆయనకూ అవ్వకూ చూపులు కలిశాయి. ఎవరికీ చెప్పకుండా పెళ్లి చేసుకున్నారు. అవ్వ తండ్రి, మా తాత, ఆమెకు ఇంటి తలుపు మూసేశాడు. ప్రతి రాఖీ పున్నమికి అవ్వ బస్సులో ఇందల్వాయి దాకా పోయేది. ఊళ్లోకి పోవడానికి లేదు. మామే రోడ్డు మీదికి వచ్చేవాడు. హైవే పక్క చాయ్ హోటల్ ముందు, లారీల దుమ్ములో నిలబడి చెల్లెలితో రాఖీ కట్టించుకునేవాడు. ఇంటికి పోయాక ఆ రాఖీ విప్పమని తాత తిట్టేవాడు. మామ తిట్లు తినేవాడు గానీ రాఖీ విప్పేవాడు కాదు.

నేను పుట్టాక మామకు ఓపిక అయిపోయింది. పండుగ రోజున పసిబిడ్డతో ఉన్న అవ్వను నేరుగా ఇంటి ముందుకే తీసుకుపోయాడు. తాత తలుపు తీయలేదు. లోపల వంట అయింది, అందరూ తినడానికి కూర్చున్నారు, మామకు పీట వేశారు. మామ లోపలికి పోలేదు. బయట వాకిట్లో, అవ్వ పక్కన మట్టిలో కూర్చున్నాడు. అది లోపలికి రాకుంటే నేనూ రాను అన్నాడు. ఎండలో నన్ను ఒళ్లో వేసుకొని, మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్నాడు. పొద్దు గూకే వేళకు తాతే వచ్చి తలుపు తీశాడు. ఈ కథ అవ్వ నాకు ఎన్నోసార్లు చెప్పింది. ప్రతిసారీ, మా అన్నకు ఇల్లు ఉండె, వంట ఉండె, నాకోసం మట్టిల గూసున్నడు అనే మాటతోనే ముగించేది.

ఆ మామ పోయినేడు రాఖీకి కొన్ని రోజుల ముందు, ముసురులో వరి మడి నీళ్లు బయటికి వదులుతూ గుండె ఆగి గట్టుమీదే పోయాడు. అవ్వ అప్పటికే బోధన్ బజారులో రాఖీ కొనిపెట్టుకుంది.

రాఖీ రోజున నేను నిజామాబాద్ నుంచి ఎడపల్లికి బయలుదేరాను. బస్టాండు నిండా ఆడవాళ్లే. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు కదా, ముసలివాళ్లూ పసివాళ్లూ అందరూ అన్నదమ్ముల దగ్గరికి పోతున్నారు. మా అవ్వకు మాత్రం ఈసారి పోవడానికి ఊరు లేదు.

ఇంటికి చేరేసరికి తలుపు ఓరగా ఉంది. ముందరి గదిలో మాటలు వినబడుతున్నాయి. అవ్వ ఒక్కతే ఉంది. తలమీద కొంగు లేదు. బాపు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పటం వైపు చెయ్యి చూపిస్తూ, వంటింట్లో బాపును అడిగే గొంతుతో అడుగుతోంది. "గింతమంది పొద్దుమాపు నీ పేరు తీస్తరు. మా అన్న గట్టు మీద పడ్తుంటె ఆపనీకి నీకు చెయ్యి రాలేదా? ఇగ నా దిక్కు ఎవ్వలు మాట్లాడ్తరు, చెప్పు." నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత చాలాసేపు ఊరికే కూర్చొని పటాన్ని చూసింది. ఆ ముఖాన్ని నేర్చుకుంటున్నట్టు చూసింది. లేచి, కండ్లు తుడుచుకొని, స్టూలు ఎక్కి, కొన్న రాఖీని పటం వేలాడే మేకుకు కట్టింది. అప్పుడు నన్ను చూసి, ఎప్పుడొచ్చినవ్, తిన్నవా అని మామూలుగా అడిగింది.

ఇక్కడ బాపు సంగతి చెప్పకపోతే పాపం. అవ్వకు ఓదార్పుగా ఉంటుందని ఆయన ఆ సాయంత్రమే ఇంట్లో ప్రార్థన కూటం పెట్టించాడు. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, చాపలు పరుస్తూ తల ఎత్తాడు. పటం మీద ఎర్ర రాఖీ, దానికి మెరుపుల పువ్వు.  ఇక ఆయన ఆగలేదు. మొక్కడానికి కాదని తెచ్చిన పటానికి రాఖీ కడతావా, అయ్యగారు చూస్తే ఏమనుకుంటాడు, సంఘం ఏమనుకుంటుంది అని వరసపెట్టాడు. అలవాటు కొద్దీ వంటింటి వైపు నడవబోయాడు కూడా. అవ్వ కదలలేదు. ఆ గదిలోనే, పటం కిందనే నిలబడి, అది తీసేది లేదని చెప్పింది. ఆ గొంతు వీధిలోకి వినబడింది. బాపు ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

వాకిట్లో కూటానికి వచ్చినవాళ్లు చెప్పులు విప్పుతున్న చప్పుడు వినగానే ఆయన తన తువ్వాలను పటం మీద కప్పేశాడు. ఇక ఆ కూటంలో ఆయన ఏం ప్రార్థన చేశాడో నాకు గుర్తు లేదు, ఒక కన్ను మూసి ఇంకో కంటితో తువ్వాలను కాపలా కాయడం గుర్తుంది. అందరూ తలలు వంచుకున్న వేళ ఎవరో ఉక్కగా ఉందని ఫ్యాను పెంచారు. తువ్వాల జారి అయ్యగారి ఒళ్లో పడింది.

అయ్యగారు తువ్వాలను చూశాడు, పటాన్ని చూశాడు, అవ్వను చూశాడు. బాపు ముఖం చూస్తే సంఘ పెద్దరికం ఆ తువ్వాలతో పాటే జారిపోయినట్టుంది. అయ్యగారు రాఖీ గురించి అడగలేదు. "గాయన నీకేమైతడమ్మా?" అని అడిగాడు.

దేవుని కుమారుడు అని బాపు గొణిగాడు.

"అన్న," అంది అవ్వ.

గదిలో ఎవరో దగ్గారు. దేవుని కుమారుడు కాదా మరి అని అయ్యగారు మెల్లగా అడిగాడు. కాదని తానెప్పుడూ అనలేదంది అవ్వ. దేవుడు మనందరికీ తండ్రి అని మీరే చెబుతారు, తండ్రి కొడుకు తనకు అన్న కాకుండా మామ ఎట్లా అవుతాడని అడిగింది. ఇన్నేళ్లు తాను మామ అనుకొని కొంగు కప్పుకొని తిరిగానని, అదే తన తప్పని చెప్పింది. తర్వాత వాకిట్లో మట్టిలో కూర్చున్న తన అన్న కథ చెప్పింది. ఈయన కూడా లోపల ఉండాల్సినవాడు, నాకోసం బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు, ఇన్నేళ్లుగా మీరు చెబుతున్నది ఈ సంగతే అని ఇవాళ మధ్యాహ్నం ఏడుస్తుంటే తెలిసింది అంది.

అయ్యగారు అయ్యగారే కదా, ఒకటి సరిదిద్దాడు. తలుపు మూసింది దేవుడు కాదమ్మా, మనమే అన్నాడు. ఎవరు మూస్తే ఏంది, బయట ఉన్నది నేను అంది అవ్వ. కొందరు నవ్వారు. అయ్యగారూ నవ్వాడు. కానీ వదల్లేదు. అన్న అంటే మనిషే కదమ్మా, మనిషికి మొక్కుతామా అని అడిగాడు.  బాపు కండ్లు గట్టిగా మూసుకున్నాడు.  ఆమె మళ్లీ తెలువలే అని లేచిపోతుందేమోనని భయపడ్డాను.

"ఒక అన్నను మొన్న కాలబెట్టి వచ్చిన అయ్యగారు," అంది అవ్వ. "ఎంత ఏడ్చినా లేవలే. ఈయన నాకోసం సచ్చి మల్ల లేసిండంటిరి. గిసొంటి అన్న దేవుడు గాకుంటె ఇంకెవ్వలైతరు?"

అయ్యగారు ఒళ్లోని తువ్వాలను మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, పటం ఆయన కాదు, ఆ దారం తీసేయమ్మా అన్నాడు. పటం మా అన్న కాదని నాకు ఎరుకే అంటూ అవ్వ పేచీ లేకుండా తీసేసింది. అంతకు ముందు బాపు చేయించలేని పని అది.

వానలు తగ్గాక కాల్వలో అవ్వకు బాప్తిస్మం పెట్టుకున్నారు. కాల్వ దగ్గరికి మా అత్తమ్మను, అంటే మామ భార్యను, పిలవాలని అవ్వ పట్టుబట్టింది. అత్తమ్మ హిందువు, పైగా దుఃఖంలో ఉంది, రాదేమో అన్నాడు బాపు. అత్తమ్మ వచ్చింది. బోసి నుదురుతో, చేతిలో తువ్వాలతో గట్టు మీద నిలబడింది. అయ్యగారు నడుంలోతు నీళ్లలో అందరి ముందూ ఆ ప్రశ్న మళ్లీ అడిగాడు. దేవుని కుమారుడు, నా రక్షకుడు, మా అన్న అని అవ్వ గట్టిగా చెప్పింది. నీళ్లలో మునిగి లేచింది.

గట్టు ఎక్కిన అవ్వ తల అత్తమ్మ తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగి, ఈ వేళ మీ అన్న ఉంటే ఎంత సంబరపడేవాడో అంది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒకన్న పోయిండు వదినె," అంది. "ఇంకో అన్న ఉన్నడు. ఆయన నీకు గూడ అన్ననే."

అత్తమ్మ అవ్వ తడి జుట్టులో ముఖం పెట్టి ఏడ్చింది. మామ పోయిన దగ్గర నుంచీ ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.