కత్తెర పట్టింది నేనే

సైదాబాద్‌లో మేము అద్దెకుండే ఇంటి పక్కన రిటైరైన నర్సమ్మ ఒక్కతే ఉండేది. ఆమె వాకిలంతా ద్రాక్షపందిరి. ఎండాకాలం మొదలవుతుండగా గుత్తులు కోసి గల్లీలో ప్రతి ఇంటికీ పంచేది. చాంద్రాయణగుట్ట అవతల తోటల్లో పనిచేసే ముసలి మాలి ఏడాదికి రెండుసార్లు సైకిల్ మీద వచ్చి తీగను కత్తిరించిపోయేవాడు.

డెబ్బైల్లో ఒక ఏడు దసరా దాటినా అతను రాలేదు. నర్సమ్మ రోజూ గేటు వైపు చూసేది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. కార్ఖానాలో ఫిట్టర్‌ని. నాకు రాని పనే లేదనుకునేవాణ్ణి. నా భార్య పుట్టింట్లో ఉన్న ఒక ఆదివారం, నర్సమ్మ చర్చికి వెళ్లగానే నిచ్చెన వేసుకుని, ప్రతి కొమ్మకూ రెండేసి కణుపులు మాత్రం వదిలి కత్తిరించేశాను. వేసవిలో మాలి అలా కోయడం చూశాను. దసరా తర్వాతి కోత వేరని నాకు తెలియదు.

నిచ్చెన దిగుతుండగానే మాలి వచ్చాడు. జ్వరంతో పడి ఉన్నాడట.

"ఎంత పని చేసినవ్ సారూ! పూత వచ్చే కణుపులన్నీ పాయె. ఈ ఏడు ఇంక కాయ లేదు."

"అమ్మకు చెప్పకు," అన్నాను.

అతను కింద పడ్డ కొమ్మలు ఏరడం మొదలుపెట్టాడు. అప్పుడే వచ్చిన నర్సమ్మ, కోసింది అతనే అనుకుని చాయ్ ఇచ్చింది. నేను మెల్లగా ఇంట్లోకి జారుకున్నాను.

ఎండాకాలం వచ్చేసరికి పందిరి నిండా ఆకులొచ్చాయి. ఒక్క గుత్తీ రాలేదు. నర్సమ్మ మాలిని పిలిపించి గల్లీ అంతా వినేలా తిట్టింది.

"ఇన్నేండ్ల సంది కోస్తున్నవ్, ఇప్పుడు మరిచినవా? ఇంక నా గడప తొక్కకు!"

నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. మాలి ఒక్కసారి నా వైపు చూసి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

పది రోజులు ఆగాను. చివరికి నర్సమ్మకు నిజం చెప్పాను.

"నాకు చెప్తే ఏమొస్తది బిడ్డా? మాట పడ్డది ఆయన గద. పోయి తోల్కరా."

నేను తోటకు వెళ్లేసరికి మాలి తీగలు కడుతున్నాడు.

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు తాతా?"

"నువ్వు పక్కనే నిలవడితివి. చెప్తవనుకున్న."

అమ్మ రమ్మన్నదంటే తల అడ్డంగా ఊపాడు. "నలుగుర్ల అన్నంక ఎట్ల వస్త? నువ్వే కోయి. ఎండకాలం రెండు కణుపులు, దసర అయినంక ఆరేడు." ఒక కొమ్మ వంచి, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టి మరీ చూపించాడు.

అతను చెప్పినట్టే చేశాను. మరుసటి ఏడు పందిరి కిందికి వంగేంత కాపు. గుత్తులు పంచుతూ నర్సమ్మ అందరి ముందూ చెప్పింది. "పాపం, మాలి తప్పేం లేదు. నేనే తొందరపడ్డ."

నా పేరు ఎత్తలేదు. చెప్పాల్సింది నేనేనని ఎదురుచూసిందేమో.

"మరి ఎవరు కోసిన్రట?" నా భార్య నన్నే అడిగింది.

చేతిలో గుత్తి పట్టుకుని, తెలియదన్నాను.