గుప్పెడు బియ్యం గిటారు

ఆమోసు అబద్ధమాడింది గిటారు మీద. మనుషుల మీద ఆడితే ఎదురు తిరుగుతారు, గిటారుకేమన్నా నోరుందా అనుకున్నాడు పాపం. ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం నాడు ఆడిన ఆ అబద్ధం ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ మారి, డిసెంబరు మొదటి వారానికి చర్చి స్త్రీల సమాజం దానమ్మ రూపంలో ఆర్టీసీ బస్సెక్కి అతని పక్క సీట్లోనే కూర్చుంది. ఆవిడ ఒళ్ళో గుడ్డ సంచీ ఉంది. ఆ సంచీలో ఆమోసుకి కొత్త గిటారు కొనడానికి తెచ్చిన డబ్బుంది.

కంకిపాడు అవతల కాలవ గట్టు మీది ఊరు వాళ్ళది. ఆమోసుకి యాభై ఆరేళ్ళు. వారంలో ఆరు రోజులు రైసుమిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని లారీల నంబర్లు రాసుకుంటాడు. మీసాలు సరిగా రాని క్లీనర్లు కూడా "ఏయ్ వాచ్‌మనూ, గేటు తియ్" అని కేకేస్తారు. ఏడో రోజు మాత్రం చర్చిలో పాటలవాళ్ళ పక్కన నిలబడి బేస్ గిటారు వాయిస్తాడు. ఆ రెండు గంటలూ అతను బేస్ ఆమోసు గారు. ఒకప్పుడు బెజవాడ ఆర్కెస్ట్రాల్లో, పెళ్ళిళ్ళలో, పందిళ్ళలో పాతికేళ్ళు వాయించిన చెయ్యి. ఆర్కెస్ట్రాలు పోయాయి. పాతికేళ్ళ బతుకులో మిగిలింది ఆదివారం నాటి ఆ రెండు గంటలే. అవి కూడా పోతే ఏడు రోజులూ గేటే.

బేస్ అంటే నాలుగు లావుపాటి తీగల గిటారు. పాటలో అది విడిగా వినపడదు, రొమ్ములో తగులుతుంది. సరిగా మోగినంతకాలం అక్కడ అదొకటి ఉందని ఎవరికీ పట్టదు. తప్పిందా, పాటంతా కుంటుతుంది. మట్టలాదివారం నాడు అలాగే కుంటింది. పిల్లలు మట్టలూపుకుంటూ నడుస్తున్నారు, పాట మంచి ఊపులో ఉంది, ఆమోసు ఎడమ చేతి వేళ్ళు ఒక చోట ఉండాల్సింది ఇంకో చోట ఉన్నాయి. అవి అక్కడున్న సంగతి అతనికే తెలియలేదు. రెండేళ్ళుగా షుగరు. ముందు అరికాళ్ళు మొద్దుబారాయి, తర్వాత వేళ్ళ చివర్లు. దళసరి గుడ్డ చుట్టుకుని తీగ పట్టుకున్నట్టుండేది.

"ఏంటి ఆమోసు గారూ, ఇవాళ అట్టా అయింది?" అని పాస్టరు గారు అందరి ముందూ అడిగారు.

చెయ్యి పోయిందని చెప్పొచ్చు కదా? నోరు రాలేదు. చెయ్యి పోయినవాడికి అక్కడ నిలబడే చోటేది? "గిటారు పాడైపోయిందండీ. మెడ మీద ఇనప గీతలుంటాయి చూడండి, ఫ్రెట్లు, అవి అరిగిపోయాయి. ఎంత నొక్కినా పలకట్లేదు" అనేశాడు. ఇరవై రెండేళ్ళు అన్నం పెట్టిన గిటారు. నిక్షేపంలా ఉంది. దాన్ని పట్టుకుని అందరిలో అంత మాటన్నాడు.

పోనీ అక్కడితో ఆగిందా? ఆగలేదు. తర్వాత తప్పిన ప్రతి ఆదివారమూ పాపం గిటారుదే అయింది. సర్కారు ఆసుపత్రి డాక్టరు "నరాలు దెబ్బతిన్నాయయ్యా, మందులు మానకు, చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" అన్న మాటని ఆమోసు పట్టుకు వేలాడాడు. ఇంకో ఆరు నెలలు గడిస్తే స్పర్శ తిరిగొస్తుంది, ఈలోపు ఎవరికీ తెలియకూడదు. భార్య అమలమ్మకి కూడా చెప్పలేదు. ఒకరోజు మరుగుతున్న టీ గిన్నెని వట్టి చేత్తో దించాడు. "చెయ్యా, పట్టుకారా అది?" అని ఆవిడ నవ్వింది. తనూ నవ్వాడు. తర్వాత దొడ్లోకి వెళ్ళి బొబ్బలెక్కిన వేళ్ళు చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

ఇదిలా ఉండగా స్త్రీల సమాజం వాళ్ళు కూడబలుక్కున్నారు. ఆ ఊళ్ళో చర్చికి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఒక ఆనవాయితీ ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు. ఇంట్లో తిండికి కటకటగా ఉన్న రోజైనా ఆ గుప్పెడు మాత్రం ఆపరు, పిడికిలి చిన్నది చేస్తారంతే. ఏడాది చివర ఆ బియ్యమంతా అమ్మి, వచ్చిన డబ్బుతో చర్చికి కావలసింది ఏదైనా కొంటారు. కిందటేడు ఫ్యాన్లు కొన్నారు. ఈ ఏడు దానమ్మ లేచి, "ఆమోసుకి గిటారు కొందాం. పాపం, పాడైపోయిన దాంతో అవస్థ పడతన్నాడు" అంది. అందరూ చేతులెత్తారు.

ఈ మాట తెలిసి ఆమోసు పరుగున దానమ్మ దగ్గరికెళ్ళాడు. "వద్దత్తా, దీన్నే బాగు చేయించుకుంటాలే" అని బతిమాలాడు. అదంతా మొహమాటం అనుకున్నారు. "ఎంత మంచోడు!" అని పొగిడారు కూడా. కొత్త గిటారు వస్తే ఇంకేముంది? క్రిస్మస్ నాడు వేలు తప్పితే ఏ ఫ్రెట్ల మీదికి నెడతాడు? ఆ బస్సులో కూర్చుని అతను ఆలోచించుకున్న ఉపాయం ఒక్కటే. షాపులో చూపించిన ప్రతి గిటారుకీ ఏదో ఒక వంక పెట్టాలి. ఈ డబ్బుకి మంచిది రాదని దానమ్మకి నచ్చజెప్పి, ఆ సంచీని అలాగే వెనక్కి మోయించాలి.

బెజవాడ గవర్నర్‌పేటలో ముస్తాక్ షాపు సందులో ఉంటుంది. కింద ఫ్యాన్సీ సామాను, మేడ మీద వాయిద్యాలు. ఆమోసుదీ ముస్తాక్‌దీ ఒకే వయసు. పాత గిటారు కొన్నదీ అతని దగ్గరే.

"అరే ఆమోసు భాయ్! ఇంకా వాయిస్తన్నావా, మానేశావా?" అన్నాడు ముస్తాక్, ఇద్దర్నీ మేడ మీదికి తీసుకెళ్ళి, కుర్చీ దులిపి దానమ్మకి వేస్తూ.

"మానెయ్యటమేంటి బాబూ! ఈయన లేకపోతే మాకు పాటే లేదు" అంది దానమ్మ. "తక్కువలో మంచిది చూపించు. మాది గుప్పెడు బియ్యం డబ్బు. మోసపోకూడదు."

మొదట తీసిన గిటారుని ఆమోసు ఒక కన్ను మూసి, తల వైపు నుంచి మెడ పొడుగునా చూశాడు. వంకర. నిజంగానే వంకర! ప్రాణం లేచొచ్చింది. "చూడత్తా, తీగ ఇంతెత్తున లేచింది. పనికిరాదు." రెండోదానికి శబ్దం పెంచే బిరడా తిప్పితే చిటపటమంది. స్ప్రే కొడితే పోతుందని ముస్తాక్ అన్నా ఆమోసు ఒప్పుకోలేదు. "లోపలంతా పోయుంటది, వద్దు." దానమ్మ అతని వంక మురిపెంగా చూసింది. ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో అనుకుంది మహాతల్లి!

ముస్తాక్ అటక మీంచి మూడోది దించాడు. ముదురు గోధుమ రంగు, తీగల కింద తెల్ల రేకు. పేరూ ఊరూ లేని కంపెనీ. "దీనికి పేరు లేదు గాబట్టి ధర లేదు భాయ్. చూడు నువ్వే."

ఆమోసు చూశాడు. మెడ చీపురుపుల్లంత తిన్నగా ఉంది. బిరడాలు తిప్పాడు, చప్పుడు లేదు. పన్నెండో ఫ్రెట్ మీద తీగని ఊరికే తాకి ఒకసారి, నొక్కి ఒకసారి మీటాడు. రెండూ ఒకటే స్వరం, శ్రుతి పక్కా. కింది తీగ మోగించి, గిటారు కొమ్ముకి దవడ ఆనించాడు. ఆర్కెస్ట్రా రోజుల్లో గోలలో ఏమీ వినపడకపోతే అలాగే చూసేవాడు. కర్ర వణికింది. వణుకుతూనే ఉంది, దవడ నుంచి పళ్ళలోకి, పళ్ళలోంచి తలలోకి. వేళ్ళకి అందని మోత ఎముకకి అందింది. ఒక్క క్షణం ఆమోసు ఎందుకొచ్చాడో మర్చిపోయి కళ్ళు మూసుకున్నాడు. ఆ వెంటనే భయం కమ్ముకుంది. ఓరి నాయనోయ్, ఇంత తక్కువకి ఇంత మంచిది ఎవడు చెయ్యమన్నాడ్రా మిమ్మల్ని!

"ఐదో ఫ్రెట్ దగ్గర గరగరలాడతంది" అన్నాడు.

"ఏదీ?" ముస్తాక్ తీసుకుని ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటాడు. స్వరం గుండ్రంగా వచ్చింది. ఆమోసు లాక్కుని మీటాడు. గర్రుమంది. ముస్తాక్ మళ్ళీ మీటాడు. శుభ్రంగా పలికింది.

"అదేంట్రా? ఆయన వాయిస్తే బానే వత్తంది, నువ్వు వాయిస్తేనే గరగరమంటంది" అంది దానమ్మ.

ముస్తాక్ ముందుకు వంగాడు. ఆమోసు వేళ్ళ వంక చూసి, చూపు తిప్పుకున్నాడు.

"తీగ వదులుగా ఉందత్తా. బిగిస్తే చెబుతా" అని ఆమోసు తల దగ్గరి బిరడాలు గబగబా తిప్పసాగాడు. ఏం చేస్తున్నాడో అతనికే తెలియడం లేదు. ఎలాగైనా వంక పెట్టాలి, ఎలాగైనా ఈ సంచీ వెనక్కి పోవాలి. బిగించి మళ్ళీ ఐదో ఫ్రెట్, మళ్ళీ గర్రు. "చూశావా? చూశావా?" అని దాదాపు అరిచాడు.

"అయ్యో, రక్తం!" అంది దానమ్మ.

తెల్ల రేకు మీద ఎర్రటి చుక్కలు. ఫ్రెట్ల మధ్య ఎర్రటి చారలు. బిరడాకి చుట్టిన కొత్త తీగ కొస సూదిలా ఉంది, అది ఎప్పుడో వేల్లో దిగి చీరేసింది. ఆమోసు వేలు చూసుకున్నాడు. అది వేరెవరిదో అన్నట్టుంది.

"ఏం లేదత్తా. చిన్న మంట, అంతే."

దానమ్మ లేచి ఎదురుగా వచ్చింది. సంచీ కుర్చీలో పెట్టి, "ఎడం చెయ్యి చాపు. కళ్ళు మూసుకో" అంది.

"ఎందుకత్తా?"

"మూసుకోమన్నానా!"

మూసుకున్నాడు.

"ఇప్పుడు ఏ వేలు పట్టుకున్నానో చెప్పు."

ఆమోసు ఊపిరి బిగబట్టాడు. ఎక్కడైనా కాస్త వెచ్చదనం, కాస్త నొక్కుడు తగులుతుందేమోనని వెతికాడు. దేవుడా, ఈ ఒక్కసారికి. చూపుడు వేలా? మధ్య వేలై ఉంటుంది. కాదు, ఆవిడ చిన్న వేలు పట్టుకోదు.

"ఉంగరపు వేలు" అన్నాడు ధైర్యంగా.

కళ్ళు తెరిచాడు. దానమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. అసలు పట్టుకోనే లేదు.

"షుగరుకి మా ఆయన కాలు తీసే ముందు డాక్టరు ఇట్టాగే అడిగాడు" అంది. ఆ మాటతోనే ఆవిడకి కోపం వచ్చింది. "గిటారు పాడైందని చెప్పావు కదరా! ఊరంతా నమ్మాం. నాగులుప్పాయమ్మ కొంపలో నలుగురు పిల్లలు, రేషను బియ్యంలోంచి గుప్పెడు తీసింది, నీ గిటారుకని. ఒక్క మాట చెప్పటానికి నోరు పడిపోయిందా?"

"చెబితే వేరేవాళ్ళని పెట్టుకుంటారత్తా" అన్నాడు ఆమోసు. దాచుకోకుండా ఏడ్చాడు, మేడ మీదికొచ్చిన వేరే గిరాకీలు చూస్తున్నా సరే. "నాకు అదొక్కటే ఉంది. అది కూడా పోతే నేనెవర్ని? గేటు తీసేవాణ్ణి. అంతేగా?"

దానమ్మకి ఓదార్చడానికీ చెయ్యి రాలేదు, తిట్టడానికీ మనసు రాలేదు. చివరికి సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నీ చేతి సంగతి ఊరెళ్ళాక. ముందు దీని సంగతి చెప్పు. ఏడాది బియ్యం ఇది, నాకేమో తెలీదు. నువ్వొక్కడివే చెప్పాలి. మంచిదా, కాదా?"

ఇప్పటికీ మించిపోలేదు. 'కాదు' అంటే చాలు, ఆవిడ లేచి వెళ్ళిపోతుంది. తిట్టినా, ఊళ్ళో చెప్పినా, ఆ స్థానంలో ఇంకొకరి చేతికి గిటారైతే రాదు. పాతది అతని ఇంట్లోనే ఉంటుంది. ఆమోసు గిటారు వంక చూశాడు. జేబురుమాలు తీసి తెల్ల రేకు మీది రక్తం తుడిచాడు, తర్వాత ఫ్రెట్ల మధ్య. ఐదో ఫ్రెట్ దగ్గర రెండుసార్లు తుడిచాడు.

"మంచిదేనత్తా" అన్నాడు. "మెడ తిన్నగా ఉంది, కర్ర గట్టిది. ఎవరు వాయించినా పలుకుద్ది. నేను తప్ప."

దానమ్మ ముఖం పక్కకి తిప్పుకుని సంచీ ముడి విప్పింది.

ముస్తాక్ గల్లాపెట్టె దగ్గరికి పోలేదు. సొరుగులోంచి దూదీ టేపూ తెచ్చి ఆమోసు ముందు కింద కూర్చున్నాడు. వేలు శుభ్రంగా తుడిచి, దూది పెట్టి, టేపు చుట్టాడు.

"మరీ బిగించానా భాయ్? లూజు చెయ్యనా?"

బానే ఉందని నోటి దాకా వచ్చింది. ఎనిమిది నెలలుగా అందరికీ చెబుతున్న మాట అదే.

"తెలీట్లేదు ముస్తాకూ" అన్నాడు ఆమోసు. "నువ్వే చూసి చెప్పు."